తండ్రి వ్రతం, కొడుకు సంతకం

దుందుభి సంవత్సరం, ఫాల్గుణ బహుళ ద్వాదశి. మన లెక్కలో 1503 ఫిబ్రవరి. తాళ్లపాక అన్నమాచార్యుల పాట ఆ రోజుతో ఆగిపోయింది. పదహారో ఏట మొదలుపెట్టి, రోజుకొక సంకీర్తనకు తగ్గకుండా వెంకటేశ్వరుడికి విన్నవించుకున్న మనిషి ఆయన. మొత్తం 32,000 సంకీర్తనలని మనవడు చిన్నన్న ద్విపదలో చెప్పాడు. ఇంత పెద్ద పని వదిలి వెళ్లిన తండ్రి తర్వాత కొడుకు ఏం చేయాలి? తలుపు మూసి తాళం వేసి, ఉన్నవాటిని పూజించుకుంటూ కూర్చోవచ్చు. పెద తిరుమలాచార్యులు అలా కూర్చోలేదు. వ్రతాన్ని తాను అందుకున్నాడు, పాట సాగింది. ఆయన తర్వాత ఆయన కొడుకు చిన తిరుమలాచార్యులు అందుకున్నాడు. మూడు తరాలు, ఒకే స్వామి, ఒకే ముద్ర.

ఒకరు మొదలుపెట్టిన వరస ఇంకొకరి చేతుల్లో సాగడం అనే ఈ సంగతిని నేడు అందరికంటే ఎక్కువగా తర్కించేది వీడియో గేములు ఆడే కుర్రకారు. తిరుపతి హాస్టల్ గదుల్లో కూడా ఈ వాదన నడుస్తుంది. వాళ్ల ఆవేదనను పెద్దవాళ్లు తేలిగ్గా తీసుకోకూడదు. ఒక రచయిత మీద పాఠకుడికి ఉండే ప్రేమ ఎలాంటిదో, హిదెయో కొజిమా మీద వాళ్లకున్నదీ అలాంటిదే. జపాన్‌లో కొనామి అనే కంపెనీలో పనిచేస్తూ 1987లో ఆయన 'మెటల్ గియర్' అనే ఆట తయారుచేశాడు. కాల్చుకుంటూ పోవడం కాదు, శత్రువు కంటపడకుండా దాక్కుంటూ పోవడం ఆ ఆట కిటుకు. 1998లో వచ్చిన 'మెటల్ గియర్ సాలిడ్'తో అది ప్రపంచమంతా తెలిసిన వరస అయింది. అణ్వాయుధాల భయం, సైనికుడి ఒంటరితనం, అబద్ధం మీద నిలబడిన దేశభక్తి, వీటిని ఆటలో పెట్టి చెప్పినవాడు కొజిమా. 2015లో ఆయనకూ కంపెనీకీ తెగిపోయింది. పేరు, పాత్రలు, కథ అన్నీ కంపెనీ దగ్గరే ఉండిపోయాయి. మనిషి ఒక్కడే బయటికి వచ్చాడు.

ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడటం కొందరికి నచ్చకపోవచ్చు. ఒకటి భక్తి, ఒకటి వ్యాపారం అంటారు. తేడా నిజమే. కానీ నేను పోల్చేది పవిత్రతను కాదు, వారసత్వంలోని మర్యాదను. ముందు నడిచినవాడి పేరును వెనక వచ్చినవాడు ఏం చేశాడు, తన పేరును ఎక్కడ పెట్టుకున్నాడు అన్నది గుడిలోనైనా కార్ఖానాలోనైనా అడగదగిన ప్రశ్నే.

ముందు పేరు సంగతి చూద్దాం. మెటల్ గియర్ వరసలోని 'ది ఫాంటమ్ పెయిన్' 2015 సెప్టెంబరులో అమ్మకానికి వచ్చింది. కొజిమా ఏళ్ల తరబడి శ్రమించి చేసిన ఆట అది. పెట్టె మీద మాత్రం ఆయన పేరు లేదు. అంతకుముందు ప్రచార చిత్రాల్లో ఉన్న పేరును తీసేశారు. ఆ డిసెంబరులో అమెరికాలో బహుమతి ప్రదానం జరిగితే, వెళ్లకూడదని కంపెనీ న్యాయవాది ఆయనకు చెప్పినట్టు నిర్వాహకుడు వేదిక మీదనే ప్రకటించాడు. ఆటలో కథానాయకుడికి గొంతు ఇచ్చిన నటుడు కీఫర్ సదర్లాండ్ ఆ బహుమతి అందుకున్నాడు. అయితే ఆట లోపలికి వెళితే ప్రతి ఘట్టం మొదట్లోనూ చివర్లోనూ పేర్లు పడతాయి, వాటిలో కొజిమా పేరు మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. పెట్టె మీద చెరిపేసినా లోపల చెరపలేకపోయారు.

తిరుమలలో జరిగింది దీనికి పూర్తిగా ఎదురు. అచ్యుతదేవరాయల కాలానికి తాళ్లపాకవారి దగ్గర సంపద ఉంది. గుడికి గ్రామాలు, కైంకర్యాలు సమర్పించిన శాసనాలు దానికి సాక్ష్యం. పెద తిరుమలాచార్యులు ఆ సంపదను పెట్టి పాటలను రాగి రేకుల మీద చెక్కించాడు. రెండువేలకు పైగా రేకులు. ఒక్కో రేకు మీద సాధారణంగా ఆరు పాటలు, ఒక్కో పాట నెత్తిన రాగం పేరు. వాటిని దాచడానికి గుడిలోనే సంకీర్తన భాండారం ఏర్పడింది. ఇక్కడ గమనించాల్సింది రేకుల మీది శీర్షికలు. మొదటి రేకులో శక సంవత్సరాలతో సహా, ఇవి అన్నమాచార్యులు విన్నపం చేసిన అధ్యాత్మ సంకీర్తనలు అని స్పష్టంగా చెక్కి ఉంది. కొడుకువి వేరు, మనవడివి వేరు. పాటలోని ముద్ర ముగ్గురికీ వెంకటేశుడే కాబట్టి, చెవితో విన్నవాడికి ఇది ఎవరిదో తేల్చుకోవడం కష్టం. కలిపేయాలనుకుంటే కలిపేయడానికి పెద తిరుమలయ్యకు అడ్డు ఎవరు? తన పాటలను తండ్రి పేరుమీద చేర్చి ఆ పెద్ద సంఖ్యను ఇంకా పెంచి చూపవచ్చు. లేదా తండ్రి పాటల్లో కొన్నింటిని తనవిగా చెక్కించుకోవచ్చు, ఖర్చు పెట్టినవాడు తానే కదా. రెండూ చేయలేదు. ముద్రను పంచుకున్నాడు, సంతకాన్ని వేరుగా ఉంచాడు. నా దృష్టిలో తెలుగు సాహిత్య చరిత్రలో ఇంత నిజాయితీగల సంపాదకత్వం అరుదు.

తెలుగు పాఠకుడికి ఇక్కడ ఎర్రన గుర్తుకు రావాలి. నన్నయ వదిలేసిన అరణ్యపర్వ శేషాన్ని పూరించి, దాన్ని రాజరాజనరేంద్రుడికే అంకితంగా ఉంచాడు. నన్నయ పద్యం నడకలో మొదలుపెట్టి, మెల్లగా తిక్కన వైపు జరిగి, అతుకు కనబడకుండా చేశాడు. చివర తన పేరు చెప్పుకున్నాడనుకోండి. అది గొప్ప వినయం, గొప్ప విద్య కూడా. కానీ ఎర్రన పూరించింది ఆగిపోయిన ఒక పర్వాన్ని. పెద తిరుమలయ్య ఎదుట ఉన్నది ఎన్నటికీ పూర్తికాని వరస. పూరించేవాడికి అనుకరణ చాలు. సాగించేవాడికి సొంత గొంతు కావాలి.

ఆ సొంత గొంతు ఆయనకు ఉందా? తండ్రి పాటతో పోలిస్తే కొడుకు సంకీర్తనలో ఆ విస్తారం లేదు. ఇది ఒప్పుకోవాలి. అన్నమయ్య ఊరి గొంతులన్నిటినీ లోపలికి రానిచ్చాడు. దంపుడు పాట, జోల, ఏల, గొబ్బి, కోలాటం, అన్నీ స్వామి దగ్గరికి నడిచొచ్చాయి. శృంగార సంకీర్తనల్లో అలమేలుమంగ మాట, చెలికత్తె మాట, ఎత్తిపొడుపు, బుజ్జగింపు, ఒక్కొక్క గొంతూ వేరుగా వినిపిస్తుంది. పెద తిరుమలయ్య అధ్యాత్మ సంకీర్తనల్లో శరణాగతి సిద్ధాంతం ముందుకు వస్తుంది. ఆచార్య పీఠం మీద కూర్చున్న మనిషి పాట అది. తండ్రి పాటలో పొరుగువాళ్లు కనబడతారు, కొడుకు పాటలో శిష్యులు కనబడతారు.

అయితే ఆయన అక్కడే ఆగి ఉంటే మనం ఆయన్ని గుర్తుపెట్టుకోవాల్సిన పని లేదు. తండ్రి నడవని దారి ఒకటి పట్టుకున్నాడు. అది వచనం. వైరాగ్యాన్నీ ఆత్మనివేదననూ చిన్నచిన్న వచనాలుగా వెంకటేశ్వరుడికే విన్నవించాడు. భగవద్గీతను తెలుగు వచనంలో చెప్పాడు. శతకాలు రాశాడు, ఛందస్సులో శకటరేఫ సంగతి చర్చించాడు. తెలుగులో వచనం అంటే పద్యాల మధ్య అతుకు అనుకునే కాలంలో వచనాన్నే నిలబెట్టి స్వామి ముందు పెట్టడం చిన్న సాహసం కాదు. పాటలో తండ్రిని మించలేనని తెలిసినవాడు తన బలం ఉన్న చోటికి వెళ్లాడు. ఇంటిపేరూ, అంకితమూ, స్వామీ మాత్రం మారలేదు.

మెటల్ గియర్‌లోనూ ఇలాంటి ఘట్టం ఒకటి ఉంది, కొజిమా ఇంకా కంపెనీలో ఉండగానే. ఆయన బృందం మొదలుపెట్టి ముగించలేకపోయిన 'రైజింగ్' అనే ఆటను ఒసాకాలోని ప్లాటినం గేమ్స్‌కు అప్పగించారు. కథ కొజిమా బృందానిది, ఆట ప్లాటినం వాళ్లది. 2013లో వచ్చింది. అందులో దాక్కోవడం ప్రధానం కాదు. కత్తి ప్రధానం. ఏ కోణంలో నరికితే ఆ కోణంలో తెగిపడుతుంది. పాత వరస నడకను అనుకరించకుండా, తమకు చేతనైన వేగాన్ని తెచ్చి పెట్టారు. పాత అభిమానులు మొదట ముఖం చిట్లించినా ఆట నిలిచింది. పెద తిరుమలయ్య వచనానికీ ఈ కత్తికీ నాకు దగ్గర పోలిక కనిపిస్తుంది. ముందువాడి ఆశీస్సు ఉంది, కొత్త చేతి గుర్తూ దాగలేదు.

ఇక 2018 నాటి 'సర్వైవ్'. కొజిమా వెళ్లిపోయాక మెటల్ గియర్ పేరుతో వచ్చిన మొదటి పెద్ద ఆట. 'ది ఫాంటమ్ పెయిన్' కోసం తయారైన యంత్రాంగాన్నీ వస్తువులనూ మళ్లీ వాడుకుని, మనుషుల్ని మరో లోకంలోకి విసిరేసి, నడిచే శవాల్లాంటి జీవుల మధ్య ఆకలి దప్పుల లెక్క చూసుకోమన్నారు. ఆటను దాచుకోవడానికి రెండో చోటు కావాలంటే డబ్బు కట్టాలి. ఆట పూర్తిగా చెడ్డదని నేను అనను. ఆకలి దప్పుల ఒత్తిడి కొన్ని గంటలు నిజంగా పట్టి కూర్చోబెడుతుంది. దాని తప్పు వేరే చోట ఉంది. ఆ వరస దేని గురించి మాట్లాడుతూ వచ్చిందో ఆ మాటను అది వదిలేసింది. పేరు వారసత్వంగా తీసుకుని వ్రతాన్ని వదిలేసింది. తాళ్లపాకవారు చేసింది సరిగ్గా దీనికి తిరగేసిన పని. వాళ్లు ముందు అందుకున్నది వ్రతాన్ని.

వ్రతంతో పాటు సూత్రాన్ని కూడా అందుకున్నారు. ఇది చాలామంది గమనించరు. సంకీర్తన ఎలా ఉండాలో చెప్పే లక్షణ గ్రంథం అన్నమయ్య సంస్కృతంలో రాశాడు. కొడుకు దానికి వ్యాఖ్య రాశాడు. ఆ కొడుకు కొడుకు చిన తిరుమలయ్య తెలుగు పద్యాల్లో పెట్టాడు. మనకు మిగిలింది ఆ మూడోది, 'సంకీర్తన లక్షణం'. తాత రాసింది, తండ్రి వివరించింది, తాను తెలుగు చేసింది అని అందులోనే మనవడు చెప్పాడు. పని ఎలా చేయాలో రాసిపెట్టి, దాన్ని తరం నుంచి తరానికి వివరించుకుంటూ పోవడం వల్లనే ఆ వరస చెదరలేదు. కొజిమా వెళ్లినప్పుడు ఆ సూత్రం ఆయన తలలోనే వెళ్లిపోయింది. కంపెనీకి మిగిలింది సరుకు.

2025 ఆగస్టులో కొనామి అదే వరసలోని 2004 నాటి 'స్నేక్ ఈటర్'ను 'డెల్టా' పేరుతో కొత్త బొమ్మలతో తిరిగి తెచ్చింది. కథ మార్చలేదు, నటుల పాత గొంతులే ఉంచింది. 'సర్వైవ్' తర్వాత కంపెనీ నేర్చుకున్న పాఠం ఇదని అనిపిస్తుంది: మూలకర్త లేనప్పుడు ఒక్క మాటా కదపకు. చూడటానికి అందంగా ఉంది, గౌరవంగానూ ఉంది. కానీ ఇది కొనసాగింపు కాదు, భద్రపరచడం. రాగి రేకు చేసే పని. రేకు అవసరమే, దాన్ని తక్కువ చేయను. రేకు మీద మాత్రమే బతికితే పాట బతికినట్టు కాదని మాత్రం తిరుపతివాళ్లకు బాగా తెలుసు. ఆ రేకులు వెలుగు చూసి వేటూరి ప్రభాకరశాస్త్రి వంటి పండితులు ఒక్కొక్క సంపుటం పరిష్కరించేదాకా కొన్ని శతాబ్దాలు వాటి ఊసే లేదు.

పాట మళ్లీ గొంతుకెక్కిన కథలోనే నా అసలు ఫిర్యాదు ఉంది. రేకుల మీద రాగం పేరు ఉంది. స్వరం లేదు. అన్నమయ్య ఎలా పాడాడో చెప్పేవాళ్లెవరూ మిగలలేదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ తిరుపతికి వచ్చి, సాహిత్యాన్నీ సంగీతాన్నీ రెంటినీ తూచి, కీర్తనలకు స్వరాలు కట్టి అచ్చువేయించారు. తర్వాత నేదునూరి కృష్ణమూర్తి వచ్చారు. 1978లో తిరుమల తిరుపతి దేవస్థానం అన్నమాచార్య ప్రాజెక్టు మొదలుపెట్టాక గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ వందల పాటలకు బాణీలు కట్టి, ఊరూరా పాడి, 2025 మార్చిలో తిరుపతిలోనే కన్నుమూశారు. రేకు మీద రాగం ఒకటి, సభలో వినిపించే రాగం మరొకటి అయిన పాటలు చాలా ఉన్నాయి. 'నానాటి బ్రతుకు' రేవతిలో వినగానే గొంతు పూడుకుపోతుందంటే అందులో సగం అన్నమయ్యది, సగం నేదునూరిది. ముగ్గురి పద్ధతీ వేరు. రాళ్లపల్లి బాణీలో మాట ముందు నడుస్తుంది. నేదునూరిది కచేరీ రాగం, నెమ్మదిగా విప్పుతుంది. బాలకృష్ణప్రసాద్‌ది జనం వెంట పాడుకునే బాణీ. నాకు రాళ్లపల్లి కట్టడం మీద మక్కువ ఎక్కువ. ఇంటింటికీ పాటను చేర్చింది మాత్రం బాలకృష్ణప్రసాదే.

వీళ్లే అన్నమయ్యకు నాలుగో తరం బృందం. మనం వీళ్లకు చేస్తున్నదేమిటి? చాలా సభల్లో రాగం చెబుతారు, తాళం చెబుతారు, అన్నమయ్య పేరు చెబుతారు, బాణీ ఎవరిదో చెప్పరు. ఆల్బమ్ అట్టల మీదా, ఫోన్లలో తిరిగే వీడియోల కిందా అదే తీరు. ఒక కంపెనీ మూలకర్త పేరు పెట్టె మీద చెరిపేసిందని బాధపడుతున్నాం. మనం కొనసాగించినవాళ్ల పేర్లు చెరిపేస్తున్నాం. అన్నమయ్య ఇలా పాడాడనే భ్రమలో పిల్లలు పెరుగుతున్నారు. అది ఆయనకూ న్యాయం కాదు, బాణీ కట్టినవాళ్లకూ కాదు. పెద తిరుమలయ్య రాగి మీద ఎవరి పాట వారిదిగా చెక్కించిన ఊళ్లో ఇలా జరగకూడదు.

అన్నమయ్య పాట పాడేవారికీ, నేర్పేవారికీ, సభలు నడిపేవారికీ నా మనవి ఇది. రచన తాళ్లపాక అన్నమాచార్యులు అన్న వెంటనే, బాణీ ఫలానా వారిది అని కూడా చెప్పండి. పాట కొడుకుదో మనవడిదో అయితే ఆ పేరే చెప్పండి. పిల్లల నోటుపుస్తకంలో పాట రాయించేటప్పుడు ఈ రెండు పేర్లూ రాయించండి.