విప్పు తెలిసినవాడి పొడుపు

లెక్కల మాస్టారుగా రిటైరయ్యాక నాన్న పొద్దున్నే పేపర్లో సుడోకు పూర్తిచేస్తే గానీ టిఫిన్‌కి లేచేవాడు కాదు. ఒక సంక్రాంతికి ఇంటికెళ్తూ ఆయన పాత కంప్యూటర్‌ కోసం నేనే ఒక సుడోకు ప్రోగ్రామ్‌ రాసి పట్టుకెళ్ళాను. మూడు రోజులు హుషారుగా ఆడాడు. నాలుగో రోజు, "ఈ నాలుగు గళ్ళూ ఎర్రగా వస్తున్నాయిరా, ఎక్కడ తప్పు చేశానో దొరకట్లేదు" అన్నాడు.

కూర్చుని చూశాను. ఆ నాలుగు గళ్ళలో ఉన్నవి మూళ్ళూ, ఏడులే. మూడున్నచోట ఏడు, ఏడున్నచోట మూడు పెట్టినా ఏ వరసా చెడదు. అంటే నేనిచ్చిన పజిల్‌కి రెండు జవాబులున్నాయి. నా ప్రోగ్రామ్‌ దగ్గర దాచినది ఒకటే. ఆయన రెండోది రాస్తే తప్పని ఎర్రగా చూపించింది. ముప్పయ్యేళ్ళు ఊళ్ళో పిల్లల లెక్కలు దిద్దిన మనిషి, ఒక్కసారి కూడా ప్రోగ్రామ్‌ని అనుమానించలేదు. తనకే వయసు మీద పడిందనుకున్నాడు.

అప్పటి నుంచీ పజిల్‌ గేమ్‌ని చూసే పద్ధతి మారింది నాకు. బొమ్మలూ శబ్దాలూ తర్వాత. ఆడేవాడు తన మీద పెట్టుకున్న నమ్మకాన్ని రాసినవాడు ఏం చేశాడన్నది మొదట చూస్తాను. ఆ లెక్కన నాకు తెలిసిన అత్యుత్తమ రచన సైమన్‌ టాథమ్‌ 'పోర్టబుల్‌ పజిల్‌ కలెక్షన్‌'.

టాథమ్‌ ఇంగ్లండ్‌ ప్రోగ్రామర్‌. సర్వర్లతో కుస్తీపట్టే మనవాళ్ళలో ఆయన రాసిన 'పుట్టీ' వాడనివాళ్ళు తక్కువ. 2004 నుంచీ పోగుచేస్తూ వచ్చిన ఈ సంపుటిలో దాదాపు నలభై ఆటలున్నాయి. అన్నీ సీ భాషలో రాసినవే. విండోస్‌, లినక్స్‌, మాక్‌ మీద నడుస్తాయి. సోర్స్‌ కోడ్‌తో సహా ఉచితం. ప్రకటనల్లేవు, రోజూ రమ్మని పిలిచే గంటల్లేవు.

ఇందులో పజిళ్ళు ముందే తయారుచేసి పెట్టినవి కావు, అడిగినప్పుడల్లా కొత్తది పుడుతుంది. అలా పుట్టించాలంటే, ముందు దాన్ని విప్పే ప్రోగ్రామ్‌ రాయాలి. మన పల్లెల్లో పొడుపు కథ వేసేవాళ్ళకి విప్పు తెలిసుండాలన్న నియమమే ఇదీ. నేను పొడవడం నేర్చుకుని, విప్పడం వదిలేశాను.

'మైన్స్‌' ఆటనే తీసుకోండి. 1992లో విండోస్‌ 3.1తో వచ్చిన మైన్‌స్వీపర్‌ మన తరానికంతా తెలుసు. ఎంత జాగ్రత్తగా ఆడినా చివర్లో రెండు గళ్ళు మిగుల్తాయి, బాంబు దేన్లో ఉందో తేల్చే ఆధారం ఉండదు. కళ్ళు మూసుకుని నొక్కడమే. టాథమ్‌ అలా వదిలెయ్యడు. మొదటి గడి నొక్కగానే ప్రోగ్రామ్‌ తనలో తాను ఆట ఆడి చూసుకుంటుంది. ఎక్కడైనా తర్కం ఆగిపోతే, అక్కడి బాంబుల్ని సర్ది మళ్ళీ ప్రయత్నిస్తుంది. ఊహ అక్కర్లేని ఆట తయారయ్యాకే మనకిస్తుంది. తొందరపడి పేల్చుకుంటే అన్‌డూ చేసి కొనసాగొచ్చు. కానీ కింద చావుల లెక్క మాత్రం చెరగదు. దయా, నిజాయితీ రెండూ ఒకే చోట కుదిరాయనిపిస్తుంది నాకు.

జీవితంలో మాత్రం గ్యారంటీ ఉందా, పాత మైన్‌స్వీపరే నిజానికి దగ్గర అని ఒక స్నేహితుడు వాదిస్తాడు. కావచ్చు. కానీ పజిల్‌ అని పేరుపెట్టి కూర్చోబెట్టాక, ఆలోచిస్తే దొరుకుతుందని మాట ఇచ్చినట్టే కదా!

లోటు లేదనను. ఆ బూడిదరంగు కిటికీలు చూస్తే ప్రభుత్వ దరఖాస్తు ఫారం గుర్తొస్తుంది. అంతకంటే పెద్ద లోటు, రచయిత చెయ్యి తగలకపోవడం. జపాన్‌లో నికోలి పత్రిక సుడోకులు మనుషులు కూర్చినవి. వాటిలో ఒకచోట ఇరుక్కుంటే, మనల్ని అక్కడికి ఎవరో కావాలనే తీసుకొచ్చారని తెలుస్తుంది, ముచ్చటేస్తుంది. టాథమ్‌ సుడోకులో ఇరుక్కుంటే ఇరుక్కున్నట్టే. యంత్రం న్యాయం చెయ్యగలదు గానీ చమత్కరించలేదు. అయినా, ఊహించి వెనక్కి రావలసిన స్థాయికి 'అన్‌రీజనబుల్‌' అని పేరుపెట్టి ముందే హెచ్చరించడంలో మాత్రం మనిషి కనపడతాడు.

నా ప్రోగ్రామ్‌ బాగుచేశాను. ఇప్పుడు ఒక్కో అంకె తీశాక జవాబులు లెక్కపెడుతుంది. రెండోది దొరికిందా, ఆ అంకె మళ్ళీ అక్కడే పెట్టేస్తుంది. నాన్నకి ఫోన్‌ చేసి, తప్పు నాదని అప్పటికి చెప్పగలిగాను. కాసేపాగి, "అయితే ఇకమీదట తప్పొస్తే నాదేనన్నమాట" అన్నాడు.

"నీదే నాన్నా" అన్నాను. ఆయన గొంతులో మళ్ళీ మాస్టారు వినపడ్డాడు.