స్టాఫ్‌రూమ్ కాఫీ: ఇద్దరు టీచర్లు, రెండు సినిమాలు

పారిస్‌లోని ఒక బడిలో టీచర్ల సమావేశం. తప్పు చేసిన పిల్లలకు పాయింట్లు కోసే పద్ధతి పెడదామా వద్దా అని వాదన నడుస్తోంది. పిల్లల భవిష్యత్తుకు సంబంధించిన విషయం. అదే సమావేశంలో ఒకరు కాఫీ మిషన్‌లో కాఫీ ధర పెంచిన సంగతి ఎత్తుతారు. దాని మీదా అంతే పట్టుదలగా చర్చ జరుగుతుంది. లోరాన్ కాంతే తీసిన ‘ద క్లాస్’ (2008) చూసినప్పుడు ఇక్కడ నవ్వని టీచర్ ఉండరనుకుంటాను. మన జిల్లా పరిషత్ బళ్లలో కాఫీ మిషన్ లేకపోవచ్చు గానీ, టీ డబ్బుల పంచాయితీ లేని స్టాఫ్‌రూమ్ ఎక్కడుంది?

ఇల్కర్ చతక్ తీసిన జర్మన్ సినిమా ‘ద టీచర్స్ లౌంజ్’ (2023)లోనూ స్టాఫ్‌రూమ్ కాఫీ ఉంది. తాగినవాళ్లు చిల్లర వేయడానికి ఒక డిబ్బీ పెట్టి ఉంటుంది. ఎవరూ చూడట్లేదనుకుని ఒకరు అందులోంచి చిల్లర తీసుకుంటుండగా కథానాయిక, టీచర్ కార్లా నోవాక్ కంటపడుతుంది. బడిలో అప్పటికే దొంగతనాలు జరుగుతున్నాయి, అనుమానమంతా పిల్లల మీదే. కార్లా తన కోటు జేబులో పర్సు వదిలి, లాప్‌టాప్ కెమెరా ఆన్ చేసి పీరియడ్‌కు వెళ్లిపోతుంది. తిరిగొచ్చేసరికి డబ్బు లేదు. వీడియోలో మొహం కనపడదు, ఒక చొక్కా చేయి మాత్రం కనపడుతుంది.

కాఫీ దగ్గరే ఈ రెండు సినిమాలకూ తేడా తెలిసిపోతుంది. కాంతేకి కాఫీ ధర కాఫీ ధరే. తర్వాత కథలో అది దేనికీ పనికిరాదు. చతక్ చేతిలో ప్రతి చిన్న వస్తువూ సాక్ష్యమైపోతుంది: డిబ్బీ, చొక్కా, పర్సు, ఆఖరికి రూబిక్స్ క్యూబ్ కూడా.

పైకి చూస్తే ఇంత దగ్గరగా ఉన్న సినిమాలు అరుదు. ఒకదానిలో పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లలు, రెండోదానిలో ఏడో తరగతి. మొదటిదానిలో ఆరంభంలో ఒక్క నిమిషం పంతులు కాఫీ తాగే దృశ్యం తప్ప కెమెరా బడి దాటదు, రెండోది కూడా దాదాపు అంతే. మొదటిదానిలో పంతులు ఫ్రాన్స్వా, రెండోదానిలో కార్లా, ఇద్దరూ మంచి టీచర్లే. ఇద్దరి వల్లా ఒక కుర్రాడు బడికి దూరమవుతాడు. కేన్స్‌లో పామ్ దోర్ మొదటిదానికి వచ్చింది, ఆస్కార్ నామినేషన్ రెండింటికీ. ఇక పోలికలు ఆపి తేడాల్లోకి వెళ్దాం, అసలు సంగతులన్నీ అక్కడే ఉన్నాయి.

‘ద క్లాస్’కి మూలం ఫ్రాన్స్వా బెగోడో 2006లో రాసిన నవల. ఆయన స్వయంగా ఫ్రెంచ్ పంతులుగా పనిచేసినవాడు, సినిమాలో పంతులు వేషమూ ఆయనదే. పిల్లలు పారిస్ ఇరవయ్యో వార్డులో ఒక నిజమైన బడి పిల్లలు. వాళ్లతో ఏడాది పొడుగునా వర్క్‌షాపులు పెట్టి, ఆ తర్వాత షూటింగ్ చేశారు. మూడు కెమెరాలు వాడారు: ఒకటి పంతులు మీద, ఒకటి మాట్లాడుతున్న పిల్ల మీద, మూడోది తర్వాత నోరు విప్పబోయే పిల్ల కోసం కాచుకుని. ఈ మూడో కెమెరాలోనే సినిమా ప్రాణమంతా ఉంది. తరగతి గదిలో నిలబడ్డ ఎవరికైనా తెలుసు, పాఠం మనం అడిగిన పిల్ల దగ్గర మలుపు తిరగదు, వెనక బెంచీలో పెన్సిలు నములుతున్న పిల్ల దగ్గర తిరుగుతుంది.

ఒక దృశ్యం చెబుతాను. పంతులు ఒక మాటకు అర్థం వివరించడానికి బోర్డు మీద ఉదాహరణ రాస్తాడు. వాక్యంలో బిల్ అనేవాడు చీజ్‌బర్గర్ తింటుంటాడు. ఎస్మెరాల్డా, కుంబా అనే ఇద్దరు పిల్లలు అందుకుంటారు: ఎప్పుడూ బిల్లేనా, మా పేర్లలాంటివి పెట్టొచ్చుగా అని. ఆ తరగతిలో సగంమంది పిల్లల తల్లిదండ్రులు ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లు. పంతులు నవ్వుతూ తప్పించుకోబోతాడు, అందరి పేర్లూ పెడుతూ పోతే తెమలదంటాడు. వాళ్లు వదలరు. రెండు నిమిషాల గొడవ, అంతే. తర్వాత దాన్ని ఎవరూ తలుచుకోరు. కానీ సినిమా సాగేకొద్దీ తెలుస్తుంది, ఆ బడిలో జరిగే ప్రతి తగాదాకీ వేరు అక్కడే ఉందని. దర్శకుడు మాత్రం దాన్ని వేలుపెట్టి చూపించడు.

కుంబాదే ఇంకో ఘట్టం. చదవమంటే చదవనంటుంది. నన్నే ఎందుకు అడుగుతారని ఎదురు తిరుగుతుంది. క్లాసయ్యాక పంతులు ఆపి క్షమాపణ చెప్పిస్తాడు. చెప్పిన ఆ పిల్ల తలుపు దాటుతూ, మనస్ఫూర్తిగా చెప్పలేదులే అని విసిరిపోతుంది. తర్వాత అతని పెట్టెలో ఉత్తరం వేస్తుంది: ఇకమీదట వెనక కూర్చుంటాను, మీ వైపు చూడను, గౌరవం రెండు వైపులా ఉండాలి అని దాని సారం. నిరుడు చలాకీగా ఉన్న పిల్ల ఈ ఏడాది ఎందుకు మూసుకుపోయింది? సినిమా జవాబు చెప్పదు. పంతులుకీ తెలియదు. వేసవి సెలవులు దాటి వచ్చిన ప్రతి ఎనిమిదో తరగతిలోనూ ఇలాంటి పిల్ల ఒకతె ఉంటుంది, ఏ టీచరుకీ కారణం తెలియదు.

చతక్‌కి ఈ తెలియకపోవడం కుదరదు. దొంగ ఎవరన్న ప్రశ్న మీద నడుస్తున్న కథ కదా. సన్నటి, దాదాపు చదరంగా ఉండే ఫ్రేము, వెనక తీగల్ని మీటుతూ వెంటాడే సంగీతం. కాంతే సినిమాలో నేపథ్య సంగీతమే లేదు. ఆ చొక్కా వేసుకున్నది ఆఫీసులో పనిచేసే కూన్. ఆవిడ కొడుకు ఆస్కర్ కార్లా తరగతిలోనే అందరికంటే తెలివైనవాడు. ఇంతవరకూ కథ బిగి అద్భుతం. ఊపిరి బిగపట్టి చూశాను. కానీ ఆ బిగి కోసం తరగతి గది చిక్కిపోయింది. పిల్లలు పాత్రలుగా కాక పక్షాలుగా మిగులుతారు. కార్లా కళ్లకు బడినిండా అందరూ ఆ చొక్కాయే వేసుకున్నట్టు కనపడే దృశ్యం ఒకటుంది. అప్పటికి ఆ నటి మొహం చెప్పేసినదాన్నే దర్శకుడు మళ్లీ పెద్దక్షరాల్లో రాశాడనిపించింది.

ఆ నటి లియోనీ బెనెష్ గురించి మాత్రం ఎంత చెప్పినా తక్కువే. టీచరు ఒంటరితనాన్ని చూపడంలో చతక్‌దే పైచేయి. పిల్లల ముందు నవ్వు, తల్లిదండ్రుల ముందు మర్యాద, తోటి టీచర్ల ముందు జాగ్రత్త, మూడూ ఒకే మొహంలో. తల్లిదండ్రుల మీటింగ్‌కు కూన్ వచ్చి అందరి ముందూ నిలదీసినప్పుడు కార్లాకి ఊపిరాడదు. బయటికి పరిగెడుతుంది. ఫ్రాన్స్వాకి ఇలాంటి క్షణం ఒక్కటీ లేదు. అతని సినిమాలో ఆ బాధ వేరే టీచర్ మీద పడుతుంది: ఒకాయన స్టాఫ్‌రూమ్‌లోకి వచ్చి ఇక నావల్ల కాదంటూ పిల్లల్ని తిట్టిపోస్తాడు, మిగతావాళ్లు ఏమనాలో తెలియక నిలబడిపోతారు. బెగోడో తన వేషాన్ని తానే కొంచెం కాపాడుకున్నాడేమో అని నా అనుమానం.

ఇంకో విషయంలోనూ చతక్‌ని మెచ్చుకోవాలి. సున్నా, దశాంశ బిందువు, ఆపైన అంతులేని తొమ్మిదులు. ఇది ఒకటికి సమానమా కాదా? కార్లా అడిగితే ఆస్కర్ బోర్డు దగ్గరికెళ్లి సమానమేనని నిరూపిస్తాడు. అభిప్రాయం వేరు, రుజువు వేరు అని చెప్పే ఆ పాఠం కథకంతటికీ తాళంచెవి. చేయి కనపడటం రుజువా? పాఠం పాఠంగానే ఉండి కథనూ మోసింది. మన తెలుగులో ‘35 - చిన్న కథ కాదు’ (2024)లోనూ ఇలాంటి లెక్కే ఉంది. విలువే లేని సున్నా ఒకటి పక్కన చేరితే పది ఎలా అవుతుందని తిరుపతి కుర్రాడు అరుణ్ అడుగుతాడు. అక్కడ లెక్కల మాస్టారు చాణక్యకి ఆ ప్రశ్న ధిక్కారంలా వినపడుతుంది. వివరించే భారం చివరికి తల్లి మీద పడుతుంది. చక్కటి సినిమా, కానీ మనవాళ్లకి టీచరంటే దేవుడో విలనో. పీరియడ్ మధ్యలో అలిసిపోయి, చిరాకుపడి, మళ్లీ సర్దుకునే మామూలు మనిషి మన తెరమీదికి రావలసే ఉంది.

ఫ్రాన్స్వా అలాంటి మనిషే. సమీక్షా సమావేశంలో కూర్చుని కిసుక్కున నవ్వుకున్న ఇద్దరు క్లాస్ రిప్రజెంటేటివ్‌ల మీద ఒక బూతులాంటి మాట జారుతాడు. దాంతో రగిలిన గొడవలో సులేమాన్ అనే కుర్రాడు విసురుగా బయటికి వెళ్తుంటే అతని సంచి తగిలి కుంబా కనుబొమ్మ దగ్గర రక్తం వస్తుంది. విచారణకు సులేమాన్ తల్లి వస్తుంది. ఆవిడకి ఫ్రెంచ్ రాదు. కొడుకు మంచివాడని ఆవిడ చెప్పుకునే మాటల్ని ఆ కొడుకే అధికారులకు ఫ్రెంచిలో వినిపించాలి. టీసీ చేతికిచ్చి పంపేస్తారు. ఇక్కడ ఎవరూ కుట్ర చేయలేదు. నోటి తొందర, సంచి బరువు, నిబంధన, మూడూ కలిశాయి.

ముగింపుల్లో నేను కాంతే పక్షమే. రావద్దన్నా బడికొచ్చిన ఆస్కర్ కుర్చీలోంచి కదలడు. కార్లా ఇచ్చిన క్యూబ్‌ని సరిచేసి ఆవిడ ముందు పెడతాడు. పోలీసులు కుర్చీతో సహా మోసుకుపోతుంటే సింహాసనం మీద రాజులా ఉంటాడు. బొమ్మ గొప్పగా ఉంది గానీ, పన్నెండేళ్ల కుర్రాడి బాధని అది పోస్టరుగా మార్చింది. కాంతే సినిమాలో ఏడాది చివరి రోజు అందరూ నేర్చుకున్నవి చెప్పాక ఆంరియెత్ అనే పిల్ల పంతులు దగ్గరికి వచ్చి, తను ఏమీ నేర్చుకోలేదంటుంది. సినిమా మొత్తంలో ఆ పిల్లను మనం సరిగ్గా చూడనే లేదు, అతనూ చూడలేదు. ఆ మూడో కెమెరాకి కూడా చిక్కకుండా పోయిన పిల్ల.

రెండింటి మీదా నాకొక ఫిర్యాదుంది. కెమెరా బడిగేటు దగ్గరే ఆగిపోవడంతో, రాత్రి భోజనాలయ్యాక విప్పే దిద్దుబాటు కట్ట ఎక్కడా కనపడదు. ఆంరియెత్ లాంటివాళ్లు టీచరు కంట పడేది, పడితే, అక్కడే.