చోమన దుడి: ఒక వాద్యం, ఒక ఎద్దుల జత

అరక కట్టాలంటే నాగలి కావాలి, కాడి కావాలి, ఎద్దుల జత కావాలి. అన్నిటికంటే ముందు నేల కావాలి. చోమకు ఎద్దుల జత ఉంది, నేల లేదు. బి.వి. కారంత్ 1975లో తీసిన కన్నడ చిత్రం ‘చోమన దుడి’ ఈ ఒక్క లోటు మీదే నిలబడింది.

శివరామ కారంత్ 1930ల్లో రాసిన నవల దీనికి మూలం. కథ జరిగేది దక్షిణ కన్నడ సీమలో. నవల వచ్చేనాటికి మన కోస్తా, రాయలసీమ జిల్లాల్లాగే అదీ మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. చోమ అంటరానివాడు, దొర దగ్గర వెట్టివాడు. దొర పొలంలో ఎంతైనా చెమటోడ్చవచ్చు. అందులో ఒక చెక్కకు మాత్రం తాను రైతు కాకూడదు. అడవిలో తప్పిపోయి తిరుగుతుంటే దొరికిన ఎద్దుల్ని తెచ్చి సాకుతాడు. తనకంటూ సేద్యం ఉండాలన్న ఆశ లోపల ఉన్నంతకాలం కనబడదు. కళ్లెదుట మేతమేసే జతగా మారాక మనం మరిచిపోలేం.

ఈ ఆశకు ఎదురుగా కథ ఒక్కొక్క తలుపే మూస్తూ వస్తుంది. మూసే చెయ్యి ప్రతిసారీ వేరు. నేల తలుపు దొరది. అప్పు తలుపు కాఫీ తోటది. బాకీ తీర్చడానికి తోటకు వెళ్లిన పెద్దకొడుకులిద్దరిలో ఒకడు జబ్బు చేసి పోతాడు, ఇంకొకడు క్రైస్తవుల పిల్లను చేసుకుని ఆ మతంలో కలుస్తాడు. తర్వాత కూతురు బెళ్లి వెళ్తుంది. బాకీ రద్దయిందన్న కబురుతో తిరిగొస్తుంది. అందుకు తన ఒంటితో చెల్లించిన వెల ఏమిటో చెప్పదు. ఆ వెల మనకు తెలుసు, తండ్రికి తెలియదు. ఇక్కడి నుంచి చోమ మొహంలో ఊరట కనిపించినా మనకు గుబులే. చిన్నకొడుకు ఏట్లో మునిగిపోతుంటే ముట్టుకోవాల్సి వస్తుందని ఎవరూ చెయ్యందించరు. ఆ తలుపు కులానిది.

మతం మారితే నేల దొరుకుతుందన్న మాట వింటాడు. తెరిచి ఉన్నది ఆ ఒక్క తలుపే. బయల్దేరుతాడు, కానీ తాను కొలిచే దైవాన్ని వదులుకోలేక దారిలోంచే వెనుదిరుగుతాడు. ఈ మలుపు లేకపోతే చోమ పరిస్థితుల చేతిలో నలిగిన మనిషిగానే మిగిలేవాడు. నేల కోసం కూడా ఇవ్వలేనిది ఒకటి అతని దగ్గరుందని ఇక్కడే తెలుస్తుంది.

ఈ మెట్లన్నిటినీ కలిపి కట్టిన తాడు దుడి, ఆ చిన్న తోలు వాద్యం. సంతోషం వచ్చినా, కోపం వచ్చినా, దుఃఖం వచ్చినా చోమ దాన్నే అందుకుంటాడు. వాద్యం ఒకటే, వాయించే చేతులవే. దరువుకు అర్థం అంతకుముందు జరిగినదాన్నుంచి వస్తుంది. దర్శకుడు నాటకరంగం మనిషి, సంగీతం తెలిసినవాడు. మాటలు ఎక్కడ ఆగాలో, మోత ఎక్కడ మొదలవ్వాలో ఆయనకు తెలుసు. చోమగా ఎం.వి. వాసుదేవరావుకు జాతీయ ఉత్తమ నటుడి పురస్కారం దక్కింది. చిత్రానికి స్వర్ణకమలం వచ్చింది. అంతకుముందు ఆ గౌరవం పొందిన కన్నడ సినిమా ‘సంస్కార’ ఒక్కటే. దాన్ని తీసింది మన నెల్లూరు పట్టాభిరామిరెడ్డి.

ఇందులో రాజకీయ ఉపన్యాసం లేదు, రాజకీయం మాత్రం గట్టిగా ఉంది. కర్ణాటకలో కౌలురైతుకే భూమి దక్కేలా సవరించిన చట్టం 1974 మార్చిలో అమల్లోకి వచ్చింది. మరుసటి ఏడే ఈ సినిమా. కౌలుదారు కావడానికే అనుమతి లేనివాడి పేరు ఏ దస్త్రంలో దొరుకుతుంది? చట్టానికి నలభై ఏళ్ల ముందే నవల ఆ ప్రశ్నను చోమ రూపంలో నిలబెట్టింది. సినిమా దాన్ని సరైన వేళకు తెరమీదికి తెచ్చింది.

చివరికి, కాఫీ తోట గుమాస్తా మన్వేలతో కూతుర్ని చూశాక చోమకు పట్టుకోవడానికి ఏమీ మిగలదు. ఆమెను ఇంట్లోంచి గెంటేస్తాడు. ఎవరినీ అడక్కుండా నేల దున్నుతాడు. ఆ తర్వాత ఎద్దుల్ని అడవిలోకి తోలేస్తాడు. ఎక్కడి నుంచి వచ్చాయో అక్కడికే. గుడిసెలోకి వెళ్లి, ప్రాణం పోయేదాకా దుడి వాయిస్తాడు. అప్పటిదాకా తలుపులన్నీ ఇతరులు మూసినవి. చివరి తలుపు మాత్రం అతనే వేసుకున్నాడు.