విరిగిన బోల్టు తీసే విద్య

అనకాపల్లి నుంచి అచ్యుతాపురం వెళ్లే రోడ్డు మునగపాక మీదుగా పోతుంది. చెరకు కోతల కాలంలో ఈ రోడ్డుకు తీరిక ఉండదు. గానుగలకు చెరకు తోలే ట్రాక్టర్లు, అనకాపల్లి మార్కెట్టుకు బెల్లం దిమ్మలు మోసే వ్యాన్లు, అచ్యుతాపురం సెజ్‌లోని కంపెనీలకు మనుషుల్ని చేరవేసే బస్సులు, కార్లు, ఆటోలు తిరుగుతూనే ఉంటాయి. బండి ఒక్క రోజు మూలపడితే ఆ రోజు బేరం పోయినట్టే. ఇలాంటి ఊళ్ల బతుకు రోడ్డు పక్క మెకానిక్ షెడ్ల మీద ఎంత ఆధారపడి ఉందో బండి ఆగినప్పుడు గానీ తెలియదు.

ఆ షెడ్లలో పనితనాన్ని నిజంగా పరీక్షించేది ఇంజన్లో విరిగిపోయిన బోల్టును తీయడం. తల తెగి పానాతో వచ్చేస్తుంది, ఒళ్లు హెడ్డులోనో బ్లాకులోనో ఉండిపోతుంది. పట్టుకోవడానికి ఏమీ మిగలదు. చూసేవాళ్లకు అది పదుల రూపాయల ఇనుప ముక్క. కానీ మెకానిక్ కాపాడేది బోల్టును కాదు, అది కూర్చున్న రంధ్రాన్ని. బోల్టు కొత్తది దొరుకుతుంది. రంధ్రం లోపలి త్రెడ్లు పోతే హెడ్డుకే ముప్పు. ఈ విద్యలోని పద్ధతులన్నీ ఈ ఒక్క ఎరుకలోంచి పుట్టినవే.

బోల్టు ఎందుకు విరుగుతుంది? బిగించినప్పుడు బోల్టు స్ప్రింగులా కొద్దిగా సాగుతుంది. ఆ సాగుడే రెండు భాగాల్ని అదిమి పడుతుంది. హద్దు దాటి బిగిస్తే తెగుతుంది. రెండో కారణం తుప్పు. ఇనుము తుప్పుగా మారితే రెండింతలకు పైగా చోటు ఆక్రమిస్తుంది. త్రెడ్ల మధ్య సందంతా నింపి బోల్టును బిగదీస్తుంది. పూడిమడక సముద్రం దగ్గర్లోనే ఉంది కాబట్టి ఉప్పుగాలికి ఆ పని ఇంకా తొందరగా జరుగుతుంది. మూడోది వేడి. పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ మానిఫోల్డు స్టడ్లు, అంటే తల లేని బోల్టులు, రోజూ బాగా కాగి చల్లారుతూ ఉంటాయి. అందుకే విరిగేవాటిలో అవి ముందుంటాయి.

తెలిసిన చేయి ముందు పరికరం అందుకోదు, విరుపును చదువుతుంది. ఎక్కువ బిగించడం వల్ల తెగితే, తల ఊడగానే లాగుడు వదిలిపోతుంది కాబట్టి లోపలి ముక్క చాలాసార్లు వదులుగానే ఉంటుంది. పంచి కొనతో మెల్లగా తడితే తిరుగుతుంది. తుప్పు పట్టి తెగినది అలా రాదు. రెంటికీ ఒకే మందు వేసేవాడు మొదటి రకాన్ని కూడా పాడు చేస్తాడు.

ఆ తర్వాత పద్ధతులు ఒక వరసలో వస్తాయి. తక్కువ హాని చేసేది ముందు, ఎక్కువ హాని చేసేది చివర.

మొదటిది నూనె, ఓపిక. తుప్పులోకి దిగే పల్చటి నూనె వేసి, సుత్తితో చిన్న చిన్న దెబ్బలు వేసి, గంటల తరబడి, వీలైతే రాత్రంతా వదిలేయాలి. దెబ్బకు తుప్పు పొర చిట్లుతుంది, ఆ సందులోంచి నూనె దిగుతుంది.

ముక్క కొంచెం బయటికి ఉంటే పని తేలిక. త్రెడ్లు కనిపిస్తుంటే రెండు నట్లు ఎక్కించి, ఒకదానికొకటి గట్టిగా బిగించి, లోపలి నట్టును పానాతో విప్పాలి. స్టడ్డు దానితోపాటు వచ్చేస్తుంది. త్రెడ్లు చెడిపోయి ఉంటే గ్రిప్ ప్లయర్ పట్టాలి. తిప్పేటప్పుడు కూడా ఒకే వైపు బలం పెట్టకూడదు. బిగించే వైపు కాస్త, విప్పే వైపు కాస్త, మధ్యలో నూనె. తుప్పు పొడి అయి బయటికి రావాలి.

దానికీ లొంగకపోతే వేడి. అల్యూమినియం హెడ్డులో ఉక్కు బోల్టు ఉంటే ఇది బాగా పనిచేస్తుంది, ఎందుకంటే అదే వేడికి అల్యూమినియం ఉక్కు కన్నా దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. డిగ్రీకి పది లక్షల్లో ఉక్కుది సుమారు 12 వంతులైతే, అల్యూమినియంది 23. చుట్టూ కాస్తే రంధ్రం బోల్టు కన్నా ఎక్కువ విప్పారుతుంది. మొండి ముక్క మీద నట్టు పెట్టి, నట్టు నడిమి ఖాళీని వెల్డింగుతో నింపడం ఇంకో పద్ధతి. పానాకు కొత్త తల దొరుకుతుంది, వేడి నేరుగా బోల్టులోకి దిగి తుప్పు పట్టు సడలుతుంది. అల్యూమినియానికి ఉక్కు వెల్డింగు అంటుకోదు కాబట్టి అంచుల భయం కూడా తక్కువ. అయితే కారు మీదే వెల్డింగు చేసేటప్పుడు బ్యాటరీ తీగలు విప్పాలి, పెట్రోలు పైపుల దగ్గర నిప్పు చేరకుండా చూడాలి.

ముక్క రంధ్రం అంచుకు సమంగానో లోపలికో తెగితే డ్రిల్లు తప్పదు. ఇక్కడే చాలా హెడ్లు పాడవుతాయి. విరిగిన ముఖం ఎగుడుదిగుడుగా ఉంటుంది; చదును చేయకుండా బిట్టు పెడితే మెత్తని అల్యూమినియం వైపు జారిపోతుంది. ముందు చదును చేసి, సరిగ్గా నడిమధ్యన సెంటర్ పంచి కొట్టాలి. ముక్క లోపలికి ఉంటే మంచి షెడ్లలో లేతు మీద చిన్న బుష్షు తిప్పించుకుంటారు. అది రంధ్రంలో కూర్చుని బిట్టును నడిమధ్యకే నడుపుతుంది. సన్న బిట్టుతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోవాలి. ఎడమవైపు తిరిగే బిట్టు ఉంటే మంచిది. కోస్తూ కోస్తూనే కొన్నిసార్లు బోల్టును విప్పేస్తుంది. 8 మిల్లీమీటర్ల ఎం8 బోల్టయితే 6.8 మిల్లీమీటర్ల వరకు సరిగ్గా నడిమధ్యన కోస్తే బోల్టు ఒళ్లంతా పోయి, తీగ లాంటి చుట్టు మాత్రం మిగులుతుంది. దాన్ని సూదిమొనతో లాగి, త్రెడ్లు కోసే ట్యాపు నడిపితే పాత త్రెడ్లు ఉన్నవి ఉన్నట్టు బయటపడతాయి.

రంధ్రం చేసి ఎక్‌స్ట్రాక్టర్ దిగ్గొట్టి తిప్పడం అందరికీ తెలిసిన ఉపాయం. కానీ దాని ఆకారం కోసుగా ఉంటుంది. ఎంత దిగితే బోల్టును అంతగా పక్కలకు నెట్టి ఇంకా బిగిస్తుంది. అది విరిగితే కష్టం రెట్టింపు, ఎందుకంటే దాని గట్టి ఉక్కును మామూలు బిట్టు కోయలేదు. అప్పుడు దారి నిప్పురవ్వలతో లోహాన్ని కరిగించి తొలిచే యంత్రం. 1943లో సోవియట్ శాస్త్రవేత్తలు లాజరెంకో దంపతులు ఈ పద్ధతికి రూపమిచ్చారు. దాదాపు అదే కాలంలో అమెరికాలోనూ అల్యూమినియం పోతల్లో విరిగిన ట్యాపుల్ని, డ్రిల్లుల్ని తీయడానికే ఇలాంటి యంత్రం చేశారు.

అంత దూరం పోకుండా ఆపేది మెకానిక్ మణికట్టు. మునగపాక రైతుకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు. పెనంలో బెల్లం పాకం దించే అదను గడియారం చూసి తెలిసేది కాదు. క్షణం ఆలస్యమైతే ముదిరిపోతుంది. పానా కింద బోల్టు తిరుగుతోందా, మెలిపడుతోందా అన్నది కూడా అంతే సన్నని తేడా. మెలిపడుతున్న బోల్టు స్పర్శలో మెత్తగా సాగుతుంది. అది గుర్తించిన వెంటనే చేయి ఆగాలి. ఐటీఐలో రెండేళ్ల మోటార్ వెహికల్ కోర్సు ట్యాపు సైజులు, కొలతలు నేర్పుతుంది. ఈ స్పర్శ మాత్రం అనుభవమున్న మేస్త్రి పక్కన నిలబడితే గానీ అబ్బదు. రెండూ కావాలి.

కొత్త బోల్టు వేయడం సగం పని. రంధ్రంలోని పొడి, నూనె గాలితో ఊదేయాలి. అడుగు మూసి ఉన్న రంధ్రంలో నూనె నిలిచి ఉంటే బోల్టు దిగేటప్పుడు పుట్టే ఒత్తిడికి పోత పగలవచ్చు. బోల్టు తల మీద 8.8, 10.9 అంకెలు బలాన్ని చెబుతాయి. 8.8 అంటే తెగే బలం 800 మెగాపాస్కల్స్, అందులో 80 శాతం దగ్గర శాశ్వతంగా సాగడం మొదలవుతుంది. త్రెడ్డు కొలత కూడా కలవాలి. పాత అంబాసిడర్లు, జీపులది అంగుళాల లెక్క. మారుతీలతో మిల్లీమీటర్ల లెక్క ఇంటింటికీ వచ్చింది. 5/16 అంగుళం బోల్టు మందం 7.94 మిల్లీమీటర్లు, చూపుకు ఎం8 లాగే ఉంటుంది. ఎం8 రంధ్రంలో పెడితే రెండు చుట్లు తిరిగి పట్టేస్తుంది. అక్కడ బలవంతం చేస్తే కాపాడుకున్న త్రెడ్లు పోతాయి. అందుకే మొదటి చుట్లు వేళ్లతోనే తిప్పాలి. చివరి బిగింపు టార్క్ రెంచితో, కంపెనీ చెప్పిన లెక్కకు. రెంచి మీద పెట్టే బలంలో దాదాపు పదో వంతే బోల్టును సాగదీస్తుంది, మిగతాది రాపిడికి పోతుంది. త్రెడ్లకు నూనె రాసి అదే లెక్కకు బిగిస్తే బోల్టు ఎక్కువ సాగడానికి కారణం ఇదే. త్రెడ్లు అప్పటికే పోయి ఉంటే రంధ్రం పెంచి, హెలికాయిల్ అనే స్టెయిన్‌లెస్ తీగచుట్టు దించి, పాత సైజు బోల్టే వేయవచ్చు.

ఈ పనికి బిల్లు రాసేటప్పుడు బోల్టు ధర కనిపిస్తుంది, ఓపిక కనిపించదు. అందుకే బండి యజమాని తొందరపెడతాడు, మెకానిక్ వరస తప్పి నేరుగా డ్రిల్లు అందుకుంటాడు, హెడ్డు పోతుంది. నూనె వేసి "రేపొద్దున్న చూద్దాం బాబూ" అనే మెకానిక్ మన రోజును వృథా చేయడం లేదు. హెడ్డు మార్చే ఖర్చును తప్పిస్తున్నాడు. ఆ రాత్రికి కూడా కూలి కట్టి ఇవ్వడం న్యాయం. అలా ఇచ్చినచోటే ఆ విద్య పక్కన నిలబడ్డ కుర్రాడికి చేరుతుంది.