పాతబస్తీ నేలక్రింద: ఒక చట్టనిర్వచనముపై విమర్శ

2025 ఆగస్టులో హైదరాబాదులోని రామాంతపూరు వద్ద ఊరేగింపు రథము విద్యుదాఘాతమునకు గురియై అయిదుగురు మరణించిరి. తలలపై వ్రేలాడు తీగలను భూగర్భ కేబుళ్లుగా మార్చవలెనను మాట ఆ తరువాత బలపడినది. ఇరుకు వీధుల పాతబస్తీకి ఇది మిక్కిలి అవసరము. ఈ వ్యాసము దానిని వ్యతిరేకించుట లేదు. కాని తీగ పైనుండి క్రిందికి దిగవలెనన్న వీధి త్రవ్వవలెను. ఆ నేలలో ఏమున్నదో ముందుగా చూచు బాధ్యత ఎవరిది? ఈ ప్రశ్నకు మన చట్టము చెప్పు సమాధానము తృప్తికరముగా లేదు.

ప్రాచీన స్మారక చిహ్నములను, పురావస్తు స్థలములను రక్షించు కేంద్ర చట్టము 1958లో వచ్చినది. 2010లో దానిని సవరించిరి. చార్మినారు వంటి కేంద్ర రక్షిత కట్టడపు హద్దునుండి 100 మీటర్ల వరకు నిషిద్ధ ప్రాంతము. అచ్చటినుండి మరి 200 మీటర్ల వరకు నియంత్రిత ప్రాంతము. ఇంతవరకు బాగుగనే ఉన్నది. అయితే అదే సవరణలో 'నిర్మాణము' అను పదమునకు ఒక నిర్వచనమును చేర్చిరి. మురుగుకాలువలు, ప్రజలకు నీటి సరఫరా, విద్యుత్తు సరఫరా, పంపిణీ పనులు నిర్మాణము క్రిందికి రావని అందు చెప్పబడినది.

దీని ఫలితమును విద్యార్థులు ఒక ఉదాహరణముతో గ్రహింపవచ్చును. చార్మినారు హద్దునకు 60 మీటర్ల దూరమున ఒకరు తన యింటిపై అంతస్తు వేయదలచినచో అది నిషిద్ధము. అదే యింటి ముందు కేబులు కొరకు మీటరు లోతు కందకము త్రవ్వినచో ఆ నిషేధము వర్తింపదు. అంతస్తు కట్టినవాడు ఆకాశమును మార్చుచున్నాడు; కందకము త్రవ్వినవాడు నేలపొరలను ఛేదించుచున్నాడు. పురావస్తు శాస్త్రమునకు ఆధారము ఆ పొరలే గదా! పర్యావరణ అనుమతి అవసరమగు పనులను తెలుపు 2006 నాటి కేంద్ర ప్రకటన పట్టికలో సైతము విద్యుత్ ప్రసార మార్గములు లేవు. కనుక ఆ ద్వారమునుండియు పరిశీలన రాదు.

మినహాయింపునకు కారణము లేకపోలేదు. స్మారకముల చుట్టును మనుష్యులు నివసించుచున్నారు. వారికి దీపము, నీరు కావలెను. ప్రతి స్తంభమునకు ఢిల్లీ అనుమతి కోరుట అన్యాయము. కాని నిషేధమునుండి మినహాయించుట వేరు, పరిశీలననుండి మినహాయించుట వేరు. చట్టము ఈ రెంటిని ఒకటిగా చేసినది. లోపము అచ్చటనే ఉన్నది.

పాతబస్తీ క్రింద ఏమి యుండునని కొందరు అడుగవచ్చును. ఈ నగరమును 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా నిర్మింపజేసెను. చార్మినారు, చార్‌కమాన్, గుల్జార్ హౌజ్ నేటికిని నిలిచియున్నవి. ఖుదాదాద్ మహల్, దాద్ మహల్ అను రాజభవనములు మాత్రము నాటి వ్రాతలలో కలవు గాని నేలపై లేవు. నేలపై లేనిది నేలలో కూడ లేదనుట తర్కము కాదు. గోలకొండ నయా ఖిల్లాలో భారత పురావస్తు శాఖ త్రవ్వకములు జరిపినపుడు కుతుబ్‌షాహీ ఉద్యానమునకు చెందిన నీటికాలువలు మట్టిక్రిందనుండి బయటపడినవి.

త్రవ్వకముందే చూచుట సాధ్యమేనా? సాధ్యమే. మొదట పటములను చదువవలెను. 1910వ దశకములో లియోనార్డ్ మన్ పర్యవేక్షణలో తయారైన హైదరాబాదు పటములు నాటి వీధులను, కట్టడములను వివరముగా చూపును. తరువాత రాడార్ పరికరమును వీధి వెంట నడిపింపవలెను. అది భూమిలోనికి పంపు విద్యుదయస్కాంత తరంగములు మట్టి మారి రాయి వచ్చినచోట, లేదా ఖాళీ వచ్చినచోట, ప్రతిఫలించును. ఒకరకపు పొడినేలలో ఆ తరంగము నానోసెకనుకు 0.1 మీటరు పోవుననుకొందము. ప్రతిధ్వని 20 నానోసెకన్లకు తిరిగివచ్చినచో రానుపోను ప్రయాణము 2 మీటర్లు. అనగా వస్తువు 1 మీటరు లోతున ఉన్నది. తడిసిన బంకమట్టిలో తరంగము త్వరగా క్షీణించును. పాత గొట్టములు చూపును కలవరపరచును. అందుచే అనుమానమున్న తావులలో చిన్న పరీక్షగుంటలు త్రవ్వి నిర్ధారించుకొనవలెను. కందకము త్రవ్వునపుడు పురావస్తు నిపుణుడొకడు ప్రక్కన నిలిచి, బయటపడిన గోడను, గొట్టమును కొలిచి, చిత్రించి, నమోదు చేయవలెను.

ఇట్టి పని తెలుగునాటికి క్రొత్త కాదు. నాగార్జునసాగర్ జలాశయములో మునుగబోవుచున్న నాగార్జునకొండ లోయను 1954 నుండి 1960 వరకు పురావస్తు శాఖవారు విస్తారముగా త్రవ్విరి. ఇక్ష్వాకుల రాజధాని అవశేషములను నమోదు చేసిరి. కొన్నింటిని కొండపైకిని, అనుపుకును తరలించి పునర్నిర్మించిరి. నీరు లోయనంతటిని ఒక్కసారిగా కప్పును గనుక అందరికి ఆ నష్టము కనబడినది. కందకము చారెడు వెడల్పున ఒక్కొక్క వీధిని కోయును గనుక ఆ నష్టము ఎవరికిని కనబడదు. ఇంగ్లండులో 1990 నుండి నిర్మాణానుమతికి ముందే పురావస్తు పరిశీలనను ప్రణాళికలో చేర్చు విధానమున్నది. 1992లో వాలెట్టాలో కుదిరిన యూరోపు ఒడంబడిక కూడ ఈ సూత్రమునే అంగీకరించినది.

'ఆ వీధులను ఇదివరకే నీటికి, మురుగుకు, టెలిఫోనుకు పలుమార్లు త్రవ్విరి, ఇంకేమి మిగులును?' అను ఆక్షేపణ కలదు. అందు సత్యమున్నది. కాని సగము చినిగిన గ్రంథమును చదువక పారవేయుదుమా? మిగిలిన పుటలను మరింత జాగ్రత్తగా చదువుదుము. పైగా కందకము ఎట్లును త్రవ్వబడును. దానిని చూచుట, నమోదు చేయుట మాత్రమే అదనపు పని. పాతబావి, నేలమాళిగ ముందే తెలిసినచో ఇంజనీరునకును మేలు.

కనుక నిర్వచనమును రద్దు చేయనక్కరలేదు. దానికి ఒక షరతు చేర్చిన చాలును: స్మారకమునకు 300 మీటర్లలోపల నేలను త్రవ్వు ప్రజోపయోగ పనులన్నింటికి ముందు పరిశీలన, త్రవ్వునపుడు నమోదు తప్పనిసరి కావలెను. పాతబస్తీలోని ఇండ్లకు సురక్షితమైన విద్యుత్తు రావలెను. దాని కొరకు తెరచిన నేల, మూయబడకముందు ఒక్కసారియైన చదువబడవలెను.