నిషిద్ధాక్షరిలో పుట్టిన డ్రాగన్

అవధానంలో నిషిద్ధాక్షరి చూసినవారికి ఆ ఇరకాటం తెలుసు. పృచ్ఛకుడు అడుగడుగునా ఓ అక్షరం వద్దంటాడు. మిగిలినవాటితోనే అవధాని పద్యం నడపాలి. జపాన్‌లో యూజి హొరీ అనే రచయితకూ అలాంటి పృచ్ఛకుడే తగిలాడు. మనిషి కాదు, 64 కిలోబైట్ల క్యాట్రిడ్జి. పొద్దున్నే ఫోన్లో వచ్చిపడే శుభోదయం బొమ్మకే చాలావరకు అంత చోటు చాలదు. కోటలు, అడవులు, రాక్షసులు, మాటలు, సంగీతం అన్నీ అందులోనే ఇమడాలి. అలా ఇమిడిన ఆటే ‘డ్రాగన్ క్వెస్ట్’. 1986 మే 27న ఎనిక్స్ సంస్థ దాన్ని ఫామికామ్ అనే ఆటల యంత్రానికి విడుదల చేసింది.

జపనీయులకు హిరగానా, కటకానా అని రెండు అక్షరమాలలు. పరాయి పేర్లు రాసే కటకానాకు క్యాట్రిడ్జిలో చోటు సరిపోలేదు. ఇరవై అక్షరాలే ఉంచారు. హె, రి రెండిటిలోనూ ఇంచుమించు ఒకేలా ఉంటాయి కనుక ఒక్క బొమ్మతోనే సరిపెట్టారు. రాక్షసులు, ఊళ్లు, మంత్రాలు, కటకానాలో రాసే పేర్లన్నీ ఆ ఇరవైలోంచే రావాలి. గాయం మాన్పే ‘హొయిమి’, నిప్పు కురిపించే ‘గిరా’ అలా వచ్చినవే. బీజాక్షరాల్లా కురచగా ఉండి ఇట్టే నోటికి పట్టేశాయి. చోటుకు కొరత లేని ఈ రోజుల్లోనూ ఈ వరుస ఆటల్లో అవే మంత్రాలు.

ఆట విడుదలకు మూడేళ్ల ముందు హొరీ, ప్రోగ్రామర్ కొయిచి నకమురా ఎనిక్స్ పోటీలో నెగ్గి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లారు. అక్కడ ఆపిల్ కంప్యూటర్ల మేళాలో ‘విజార్డ్రీ’ చూసి ముగ్ధులయ్యారు. అయితే అది ఓపికున్న పెద్దల ఆట. జపాన్ పిల్లలకు తెలిసింది మారియో గెంతులు. వాళ్లచేత ఇంత నింపాది ఆట ఆడించడం ఎలా?

హొరీ ఒక గది కట్టాడు. ఆట మొదలయ్యేసరికి వీరుడు రాజుగారి ఎదుట ఉంటాడు. గదికి తాళం. రాజుతో మాట్లాడాలి, పెట్టెలు తెరవాలి, తాళంచెవి తీసుకోవాలి, తలుపు తీసి మెట్లు దిగాలి. ముందుముందు కావలసిన పనులన్నీ అక్కడే చేయించేస్తాడు, పాఠం చెబుతున్నట్టు అనిపించకుండా. కోట దాటి రాగానే నీటికి ఆవలి ఒడ్డున శత్రువు కోట. కళ్లెదుటే ఉంది, కానీ చేరాలంటే లోకమంతా చుట్టిరావాలి. కథ ఎత్తుకోవడంలో ఇంత పొదుపు నేను మరో ఆటలో చూడలేదు. పోరులో చస్తే రాజు చీవాట్లు పెడతాడు, సగం డబ్బు పోతుంది, సంపాదించిన అనుభవం మాత్రం పోదు. అందుకే ఓడిన పిల్లవాడూ ఓ మెట్టు పైనే ఉంటాడు.

జిగట ముద్దలా హొరీ గీసిచ్చిన స్లైమ్ అనే శత్రువుని ‘డ్రాగన్ బాల్’ చిత్రకారుడు అకిరా తొరియామా నీటిబొట్టులా దిద్ది, ముఖాన నవ్వు పెట్టాడు. చంపబుద్ధి పుట్టని రాక్షసుడు!

ఆటను దాచుకునే బ్యాటరీ కూడా లేదు. ఆపేముందు రాజు ఇరవై హిరగానా అక్షరాల మంత్రం చెబుతాడు. దాన్ని కాగితం మీద రాసుకుని, మర్నాడు తిరిగి అప్పజెప్పాలి. తెర మీద అది ఐదు, ఏడు, ఐదు, మూడు అక్షరాలుగా విడివడి ఉంటుంది. హైకూ నడకకు చివర ఓ తోక. ఒక్క అక్షరం తప్పు రాసుకున్నారా, నిన్నటి శ్రమంతా గోవిందా.

మూడో భాగం 1988 ఫిబ్రవరి 10న, బుధవారం నాడు వచ్చింది. దుకాణాల ముందు బారులు తీరి, బడి ఎగ్గొట్టి, పోలీసులకు దొరికిన పిల్లలే దాదాపు మూడు వందల మంది. వారం మధ్యలో అమ్మకూడదని ఏకంగా చట్టమే చేశారని ఓ కథ ఇప్పటికీ తిరుగుతోంది. చట్టమేమీ లేదు. నాలుగో భాగం 1990లో ఆదివారం నాడు వచ్చింది, అంతే.

ఈ ఆటల సంగీతకర్త కొయిచి సుగియామా అప్పటికే పాటలకు, టీవీ ప్రకటనలకు బాణీలు కట్టిన పెద్దమనిషి. ఓ షోగి (జపాన్ చదరంగం) ఆట గురించి ఎనిక్స్‌కు ఆయన పంపిన అభిప్రాయాల కార్డు ఆయన్ని ఇటు లాక్కొచ్చింది. మొదటి ఆటలో ఆయనకు దక్కినవి ఒకేసారి పలికే మూడు స్వరాలు, కాస్త చప్పుడు చేసే ఛానెల్ ఒకటి. 2021 జులై 23న టోక్యో ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో, కరోనా వల్ల ప్రేక్షకులు లేని స్టేడియంలోకి గ్రీసు క్రీడాకారులు ముందుగా అడుగుపెట్టారు. అప్పుడు వినిపించింది ఆ ఆట తొలిబాణీయే, ఈసారి నిండు ఆర్కెస్ట్రాతో.