వదులుగా చుట్టడంలోని పనితనం

ఏళ్ళ తరబడి పుల్లటి తేన్పులతో, ఛాతీలో మంటతో బాధపడుతున్న మనిషికి ఎండోస్కోపీ చేస్తే ఒక్కోసారి వెతకనిది కనబడుతుంది. జీర్ణాశయం కింది భాగంలో, లోపలి పొర అడుగున, నున్నగా, కాస్త పసుపురంగులో ఉబ్బిన గడ్డ. గడ్డ అన్న మాట చెవిన పడిందంటే రోగి మంట సంగతే మర్చిపోతాడు. అనుభవమున్న డాక్టరు మాత్రం తొందరపడరు. ముక్క తీసే సన్నని పట్టకారును తెరవకుండా మూసే లోపలికి పంపి, దాని కొనతో ఆ ఉబ్బును మెల్లగా నొక్కుతారు. మెత్తగా లోపలికి దిగి, వదలగానే తిరిగి పైకి వచ్చిందా, అది కొవ్వుగడ్డే. వైద్యులు దీన్ని దిండు గుర్తు అంటారు. పై పొరను పట్టి లాగితే పొర ఒక్కటే విడిగా లేస్తుంది, గడ్డ కిందే ఉండిపోతుంది. ఇంకా అనుమానముంటే సీటీ స్కాన్ ఉంది. కొవ్వు అందులో మైనస్ 70 నుంచి మైనస్ 120 యూనిట్ల దాకా చూపుతుంది. ఆ అంకె వచ్చాక ముక్క పరీక్షతో పెద్దగా పని ఉండదు. పైపైన ముక్క తీసినా దొరికేది మామూలు పొరే, కొవ్వు దాని కింద ఉంటుంది కదా.

లైపోమా అనే ఈ గడ్డ కేన్సరు కాదు. జీర్ణాశయంలో వచ్చే అపాయం లేని గడ్డల్లో నూటికి రెండో మూడో ఇలాంటివి. చిన్నదైతే వదిలేస్తారు. నాలుగు సెంటీమీటర్లు దాటి, పై పొర పుండు పడి రక్తం కారుతున్నా, జీర్ణాశయం కింది ద్వారానికి అడ్డుపడి తిన్నదాన్ని వెనక్కి నెడుతున్నా తీయాల్సిందే. అక్కడ చేతికి అసలు పరీక్ష ఎదురవుతుంది. కొవ్వు కరెంటును సరిగా పోనివ్వదు. తీగ ఉచ్చు వేసి కోయబోతే గడ్డ తెగదు. కరెంటు పెంచితే జీర్ణాశయం గోడకే చిల్లు పడొచ్చు. అందుకే నేర్పరులు గడ్డ చుట్టూ పొర కింద ద్రవం ఎక్కించి, గోడకు గడ్డకు నడుమ జాగా చేసుకుని, పొరను కొద్దికొద్దిగా విడదీస్తూ మొత్తం గడ్డను ఒక్కటిగా బయటికి తీస్తారు. వేగంతో కాకుండా ఓర్పుతో గెలిచే పని ఇది.

గడ్డ అడ్డు లేకపోయినా చాలామందికి మంట తగ్గదు. దాని కారణం పైన, అన్నవాహిక జీర్ణాశయంలో కలిసేచోట ఉంటుంది. అక్కడి కండరపు బిగింపు సడలితే ఆమ్లం పైకి తన్నుకొస్తుంది. ఎక్కువమందికి మాత్రలే చాలు. ఏళ్ళ తరబడి మాత్రలు మింగినా లొంగనివారికి, డయాఫ్రమ్ సందులోంచి జీర్ణాశయం పైకి జారినవారికి ఆపరేషన్ ఉంది. దాని పేరు ఫండోప్లికేషన్. శస్త్రచికిత్సలో నేను మనసారా మెచ్చుకునే పనుల్లో ఇదొకటి.

దీన్ని కనిపెట్టిన రుడాల్ఫ్ నిస్సెన్ మొదట దీనికోసం వెతకలేదు. యూదుడైనందుకు 1933లో జర్మనీ విడిచి ఇస్తాంబుల్ చేరాడు. 1936లో 28 ఏళ్ళ యువకుడికి అన్నవాహిక చివరన పుండు తొలిచి రక్తం కారుతుంటే, ఆ భాగం కోసి అతికించాడు. కుట్టు విడిపోకుండా దాని చుట్టూ జీర్ణాశయం పైభాగాన్ని మడిచి కప్పాడు. పదహారేళ్ళ తర్వాత ఎక్స్‌రే తీస్తే ఆ మనిషిలో ఆమ్లం వెనక్కి రావడం లేదు. కుట్టును కాపాడాలని కప్పిన కప్పే తలుపు పని చేస్తోందని నిస్సెన్‌కు అప్పుడు అర్థమైంది. 1955లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో, మంట తగ్గని 49 ఏళ్ళ మహిళకు కావాలనే అదే చుట్టు చుట్టి, మరుసటి ఏడాది ప్రచురించాడు. ఈ రెండు ఆపరేషన్ల నడుమ, 1948లో, న్యూయార్క్‌లో ఐన్‌స్టీన్ పొట్టలో ఉబ్బిన పెద్ద రక్తనాళానికి సెలోఫేన్ చుట్టినదీ ఈయనే. ఐన్‌స్టీన్ ఆ తర్వాత ఆరేళ్ళకు పైగా బతికాడు.

నిస్సెన్ చుట్టు ఎందుకంత బాగా పనిచేస్తుందో ఆ తర్వాతివాళ్ళు విప్పి చెప్పారు. జీర్ణాశయం పైనున్న గుండ్రటి భాగం, ఫండస్, మనం మింగగానే సడలుతుంది. దాన్నే అన్నవాహిక చుట్టూ చుడితే మింగేటప్పుడు చుట్టు కూడా సడలి ముద్దకు దారిస్తుంది. పొట్ట నిండి ఒత్తిడి పెరిగితే ఆ ఒత్తిడే ఫండస్ గుండా వచ్చి అన్నవాహికను నొక్కి మూస్తుంది. ఒత్తిడి ఎంతో బిగువు అంత. జీర్ణాశయంలో ఫండస్‌కు బదులు నడిమి భాగాన్ని తెచ్చి చుడితే ఈ మేలు జరగదు. అది మింగినప్పుడు అలా సడలదు కనుక.

ఇక చేతిపని. ముందు డయాఫ్రమ్ సందును చేరి, అన్నవాహికను చుట్టూ విడదీసి, కనీసం రెండు మూడు సెంటీమీటర్లు లాగకుండానే పొట్టలో నిలిచేలా కిందికి తెస్తారు. వేగస్ నరాలు రెండూ గాయపడకూడదు. సందును వెనకవైపు కుట్లతో సరిచేస్తారు. ప్లీహం వైపు వెళ్ళే చిన్న రక్తనాళాలను తెంచితే ఫండస్ స్వేచ్ఛగా కదులుతుంది. దాన్ని అన్నవాహిక వెనకనుంచి తెచ్చి వదిలేస్తారు. అది తిరిగి వెనక్కి జారిపోతే ఇంకా లాగుడు ఉన్నట్టు. తెచ్చినచోటే ఉండిపోతే సరే. ఆ తర్వాత రెండు అంచులనూ పట్టుకుని, స్నానం చేశాక తువ్వాలుతో వీపు తుడుచుకున్నట్టు, అటూ ఇటూ ఆడిస్తారు. మెలి లేకుండా జారితేనే కుట్టు వేస్తారు. మంచి సర్జన్ చేసే ఆ కొన్ని క్షణాల తనిఖీ నాకు ఎంతో ఇష్టం. రోగి మళ్ళీ సుఖంగా అన్నం తినడమన్నది చాలామటుకు అక్కడే తేలిపోతుంది.

చుట్టు మరీ బిగువైతే ముద్ద దిగదు, తేన్పు రాదు, పొట్ట ఉబ్బిపోతుంది. మొదట్లో నిస్సెన్ ఆరు సెంటీమీటర్ల దాకా చుట్టేవాడు. 1986లో అమెరికా సర్జన్ టామ్ డిమీస్టర్ బృందం చుట్టును నాలుగు సెంటీమీటర్ల నుంచి ఒక సెంటీమీటరుకు తగ్గించింది. చుట్టేటప్పుడు కొలత కోసం నోటి గుండా అన్నవాహికలోకి దింపే గొట్టాన్ని కూడా మరింత లావుది వాడి, చుట్టుకు ఇంకాస్త వదులిచ్చింది. చుట్టు కురచ చేశాక మింగడంలో ఇబ్బంది మిగిలిపోయినవారు నూటికి 21 నుంచి మూడుకు తగ్గారు. ఆమ్లం మాత్రం లొంగే ఉంది. బలం తగ్గించి గుణం పెంచిన ఆ లెక్క చదివినప్పుడల్లా ముచ్చటేస్తుంది. 1991లో బెల్జియంలో బెర్నార్డ్ డాల్మాన్ ఇదే పనిని చిన్న రంధ్రాలగుండా లాప్రోస్కోపీతో చేసి చూపాడు.

అన్నవాహిక కదలిక బలహీనంగా ఉన్నవారికి పూర్తి చుట్టు వద్దంటారు చాలామంది. 1963లో ఆండ్రే టూపే చూపిన పాక్షిక చుట్టును ఇప్పుడు 270 డిగ్రీల మేర వేసి ముందువైపు కాస్త ఖాళీ ఉంచుతారు. ఎవరికి ఎంత చుట్టాలో ఆపరేషన్ బల్లమీద ఆలోచించే విషయం కాదు. మింగేటప్పటి ఒత్తిడి కొలత, రోజంతా ఆమ్లం పరీక్ష ముందే జరగాలి. ఆపరేషన్ సలహా ఇచ్చిన డాక్టరును ఆ కాగితాలు చూపించమని రోగి ధైర్యంగా అడగవచ్చు. పని తెలిసినవారు సంతోషంగా చూపిస్తారు.